మా గుడ్లగూబ బొమ్మలు చదివిన ఏడాది

నా మనవరాలిని వీధిలో అందరూ గుడ్లగూబ అంటారు. రెప్ప వేయకుండా చూడటం దానికి పుట్టుకతో వచ్చిన అలవాటు. ఎదురింటి టైలరు భార్య, "మీ పిల్ల అలా చూస్తుంటే నా చంక కింద కుట్టు ఊడిందేమోనని అనుమానం వస్తుంది పిన్నీ" అనేది. నిజంగా ఊడే ఉండేది. టైలరు పెళ్ళానికి చిరుగుల బట్టే గతి కదా.

నేను ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఉడకబెట్టే గదిలో జుట్టు నెరిపించుకున్నదాన్ని. నా కూతురు అక్కడే ఇస్త్రీ బల్ల దగ్గర పనిచేసేది. అల్లుడు సిటీ బస్సు నడుపుతాడు. మా ముగ్గురి చదువూ అతుకు వేసి కుట్టినా హైస్కూలు గుమ్మానికి అందదు. అందుకని హైస్కూలు ఆఖరి క్లాసులో ఉన్న గుడ్లగూబే మా ఇంటికి పండితురాలు.

ఆ ఏడాది వాళ్ళ బడికి బొమ్మల టీచరు వచ్చింది. పిల్లల చేత గీయించదట, చూడటం నేర్పుతుందట. పెద్ద పెద్ద చిత్రకారుల బొమ్మ ఒకటి గోడకు తగిలించి, ముందు ఇందులో ఏముందో చెప్పండి, దాని అర్థం సంగతి తర్వాత, అంటుందట. ఎవరేం చెప్పినా "ఎక్కడుంది? చూపించు" అని నిలదీస్తుందట. ఒక్కదాన్నే పట్టుకుని వేలాడకూడదు, బొమ్మలో ఇంకో రెండు మూడు కూడా అదే మాట పలకాలి, అప్పుడే అర్థం నిలుస్తుందట.

"బొమ్మ చూడ్డానికి కూడా బడి కావాలా? కళ్ళుంటే చాలదూ?" అన్నాను.

"నీకూ ఉన్నాయిగా కళ్ళు. మరి పొద్దున అమ్మ చెప్పులేసుకుని పనికెందుకు వెళ్ళావు?" అంది. నోరు మాత్రం అచ్చం నా పోలికే.

ఇంక ఇంట్లో మా బతుకులే బొమ్మలయ్యాయి. అందరం అన్నానికి కూర్చుంటే అది ముద్ద పక్కన పెట్టి మొదలెట్టేది. "నాన్న కుడిచెయ్యి సగం ముడుచుకునే ఉంది. కాలు నేలని తొక్కుతోంది. తింటూ తింటూ పక్కకి అద్దంలోకి చూసినట్టు చూస్తున్నాడు. నాన్న ఇంటికి రాలేదు, ఇంకా బస్సులోనే ఉన్నాడు."

అల్లుడు నవ్వి, "మరి మీ అమ్మమ్మో?" అన్నాడు.

"అమ్మమ్మ కోపమంతా పెదాల దగ్గరే ఆగిపోయింది నాన్నా. చేతులు చూడు, తిడుతూనే నాకు మారు వడ్డిస్తున్నాయి."

నా కూతురికి నవ్వి నవ్వి పొలమారింది. "నన్ను కూడా చదవవే" అంది కళ్ళు తుడుచుకుంటూ.

"నిన్నా? నీ రంగులింకా ఆరలేదమ్మా. ఆరాక చదువుతాలే."

టీచరు ఓసారి ఇంటికొచ్చి అసలు సంగతి చెప్పింది. చిత్రాలను చదవడం, వాటి చరిత్ర తెలుసుకోవడం, అదంతా ఒక పెద్ద చదువట. ఏటా బడులన్నిటి పిల్లలకీ మ్యూజియంలో ఒక పరీక్ష పెడతారట. అందులో నెగ్గినవాళ్ళకి ఆ చదువు, తిండి, బస అన్నీ కాలేజీయే చూసుకుంటుందట. "మా బడి తరఫున మీ అమ్మాయిని పంపుతాను" అంది. నా కూతురు ఆ రాత్రి ఇస్త్రీ మడత నలగని చీర తీసి, పరీక్ష రోజున కట్టుకోవాలని విడిగా పెట్టుకుంది.

కట్టుకోలేదు. ఊపిరితిత్తులకి జ్వరం పట్టింది. ఏ ఆస్పత్రి దుప్పట్లకి ఇస్త్రీ చేసిందో ఆ ఆస్పత్రిలోనే, మా గది పైన వార్డులోనే పడుకోబెట్టారు. ఆస్పత్రి దుప్పటి వద్దంది. "అవి నాకు పనిలా ఉంటాయమ్మా" అంది. ఇంటి నుంచి పసుపుపచ్చ పువ్వుల దుప్పటి తీసుకెళ్ళి కప్పాం.

లాండ్రీలో మాకొక పద్ధతి ఉంది. రోగి ప్రాణం పోయిన దుప్పటిని ఆయాలు ఒక మూలన ముడి వేసి కిందికి పంపుతారు. దాన్ని మిగతావాటితో కలపకుండా విడిగా ఉడకబెట్టాలి. నోటితో చెప్పక్కర్లేదు, రాసి పెట్టక్కర్లేదు. బండిలో ముడి దుప్పటి కనపడితే ఎంత వాగుడుకాయ అయినా నోరు మూసుకుంటుంది.

ఆ సాయంత్రం గుడ్లగూబ బడి నుంచి తిన్నగా నా దగ్గరికొచ్చింది. ఇద్దరం కలిసి పైకి వెళ్దామని నేను చేతులు కడుక్కుంటున్నాను. వార్డు బండి వచ్చింది. తెల్లటి దుప్పట్ల మీద పసుపుపచ్చ పువ్వులు. మూలన ముడి. పైనుంచి మనిషి మెట్లు దిగి వచ్చి చెప్పేలోగా దుప్పటి వచ్చేసింది. చిన్నప్పటి నుంచీ లాండ్రీకి వస్తూ పోతూ ఉన్న పిల్ల, ముడి అర్థం దానికి నేను చెప్పక్కర్లేకపోయింది. బండి అంచు పట్టుకుని నిలబడిపోయింది.

ఏడుపులు ఎవరింట్లోనైనా ఒకటే, రాయను. ఆ తర్వాత సూపర్‌వైజరు వచ్చి, చనిపోయిన మనిషి ఉద్యోగం ఇంట్లోవాళ్ళకే ఇస్తారనీ, బడి ఏడాది ముగిసేదాకా పిల్ల కోసం ఖాళీగా ఉంచుతారనీ చెప్పాడు. మంచివాడే పాపం, మేలు చేస్తున్నాననే అనుకున్నాడు.

నేను అల్లుడితో పోట్లాడాను. "దాని తల్లి ఆవిరిలో ఉడికింది చాలదా బాబూ?"

"నాకు మాత్రం సరదానా అత్తయ్యా? కాలేజీకి పంపే తాహతు నాకుంటే మీతో చెప్పించుకుంటానా? ఆ పరీక్ష నెగ్గితే వెళ్ళమనండి, నేనే బస్సెక్కిస్తాను. నెగ్గకపోతే మాత్రం ఆ పని వదులుకోలేం."

న్యాయమైన మాట.

గుడ్లగూబ విన్నది. మర్నాటి నుంచి మ్యూజియం పుస్తకాలు తెచ్చుకుని తిండీ నిద్రా లేకుండా చూసింది. ఇంట్లోవాళ్ళని చదవడం మాత్రం మానేసింది.

పరీక్ష రోజు అల్లుడికి డ్యూటీ. నేనే తీసుకెళ్ళాను. ఎత్తు పైకప్పు, నున్నటి నేల, మాట్లాడితే మాట తిరిగొచ్చే హాలు. పెద్దవాళ్ళం వెనక బెంచీల మీద కూర్చున్నాం. ఒక్కో పిల్లకి అంతకుముందెప్పుడూ చూడని బొమ్మ ఒకటి చూపిస్తారు. కాసేపు చూశాక చెప్పాలి. పరీక్ష పెట్టేది కళ్ళద్దాల పెద్దమనిషి ఒకాయన.

మా పిల్ల వంతు రాగానే బొమ్మ మీద గుడ్డ తీశారు. ఒక గది. సర్ది ఉన్న మంచం. మంచం అంచున ఒకావిడ కూర్చుని ఉంది. ఒడిలో తెల్లటి బట్ట, దాని మూలలో ముడి.

అన్ని తలల మధ్య ఆ ముడిని ఆ రకంగా చదివేవాళ్ళం ఇద్దరమే. దాని వీపు చూస్తే తెలిసింది, అది కూడా చదివేసిందని.

"చెప్పమ్మా" అన్నాడాయన.

"ఎవరో చనిపోయారు సార్."

"ముందు ఏముందో చెప్పు."

"మంచం ఉంది. ఖాళీగా ఉంది. దాని మీద ఇంతకుముందు మనిషి ఉంది. ఇప్పుడు లేదు."

"ఎక్కడుంది ఆ సంగతి? చూపించు."

అది వేలెత్తి ముడిని చూపించింది.

ఆయన కోప్పడలేదు. "ఇంకా?" అన్నాడు. దీని వేలు ముడి దగ్గరే ఉండిపోయింది. ఆయనే అందించాడు, "ఆవిడ కాళ్ళు చూడు. బూట్లు వేసుకుని, తాళ్ళు బిగించింది. తలుపు తెరిచి ఉంది, బయట ఎండ. పక్కన కిటికీలో గొడుగు. చూశావా?"

"ఇప్పుడు చూశాను."

"ఇప్పుడేమంటావు? తొందరేం లేదు, మళ్ళీ చెప్పచ్చు."

ముందు వరసలో ఉన్న టీచరు లేచి నిలబడింది. చెప్పవే, ప్రయాణమని చెప్పవే, ఆవిడ ఊరికెళ్తోందని ఒక్క మాట చెప్పవే తల్లీ, అని నేను నోట్లోనే గొణుక్కుంటున్నాను. ఏ పిల్లయినా చెబుతుంది. ఊరెళ్ళేటప్పుడు చిల్లర బట్ట మూలన ముడి వేసుకోరా ఏమిటి ఎవరైనా?

"ఊరికి వెళ్తోందని చెప్పచ్చు సార్" అంది. "బూట్లు ఆ మాటే అంటున్నాయి, తలుపూ అదే అంటోంది. కానీ నాకు అలా కనపడటం లేదు. ఎంత చూసినా ముడే కనపడుతోంది."

"ముడిలో ఏముంది?" అని అడిగాడాయన మెల్లగా.

అప్పుడది చెప్పి ఉంటే? దుప్పటి సంగతి, లాండ్రీ సంగతి చెప్పి ఉంటే జాలితోనైనా ఇచ్చేవాళ్ళేమో. చెప్పలేదు. ఆ పొగరు కూడా నాదే అనుకుంటాను. "ఏమీ లేదు సార్" అని వచ్చి నా పక్కన కూర్చుంది.

సీటు వేరే పిల్లకి వచ్చింది. పొట్టి పిల్ల, బాగానే చెప్పింది, అన్నీ చూసి చెప్పింది. కళ్ళద్దాలాయన తప్పు చేశాడని నేననను. ఉన్నవన్నీ చూడటమే ఆ చదువైతే, మా పిల్ల ఆ రోజు చూడలేదు మరి. టీచరు మెట్ల మీద దాని భుజం పట్టుకుని, "నువ్వా? నువ్వు బూట్లు చూడకపోవడమా?" అని ఏడ్చేసింది. ఇది మాత్రం ఆవిడ చేతిలో జారిపోతున్న సంచి పట్టుకుని, "పడిపోతుంది టీచర్" అంది.

తిరుగు దారిలో బస్సు మా అల్లుడిదే తగిలింది. మా మొహాలు అద్దంలో చూశాడు. మా వీధి మలుపులో ఆగే చోటు కాకపోయినా ఆపి, తలుపు తీశాడు.

బడి అయిపోయాక లాండ్రీలో చేరింది. మురికి బట్టలు వేరుచేసే గదిలో వేస్తామంటే సూపర్‌వైజరుతో నోరు పడిపోయేదాకా పోట్లాడి, ఇస్త్రీ బల్ల దగ్గర వేయించాను. వాళ్ళమ్మ నిలబడిన చోటే. వాళ్ళమ్మ ఏప్రానే, తాళ్ళు రెండు చుట్లు తిప్పి కట్టుకుంటే సరిపోయింది. అందరూ దాన్ని బాగానే చూస్తారు. పని కూడా త్వరగానే పట్టుబడింది.

టైలరు భార్య అడుగుతుంది, "మీ గుడ్లగూబ ఏమిటి పిన్నీ, ఈ మధ్య ఎదురుపడినా చూడటం లేదు?" అని. అలిసిపోతోందిలే అంటాను. అదీ నిజమే. కానీ వేడి పెట్టె చేతిలో ఉన్నంతసేపూ కళ్ళు బట్ట మీదే ఉండాలి, తల ఎత్తితే చెయ్యి కాలుతుంది. చేరిన రోజున పక్కన నిలబడి దానికి ఆ మాట చెప్పింది నేనే. ఒక్కసారి చెబితే చాలింది, మళ్ళీ చెప్పాల్సిన అవసరం రాలేదు.