చెత్తనుకున్న కణాలు

2006లో బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీ దగ్గర ఒక చిన్న ల్యాబ్‌లో రీసెర్చ్ అసిస్టెంట్‌గా చేసేదాన్ని. దెబ్బతిన్న ఎముక మళ్లీ పెరగడానికి స్కాఫోల్డ్‌లు తయారుచేసేవాళ్లం. మేస్త్రీలు గోడకు కట్టే సారువలాంటిదే స్కాఫోల్డ్. కాకపోతే ఇది గోరంత స్పాంజి ముక్క. దానిపై ఎలుక ఎముక మజ్జలోంచి తీసిన స్టెమ్ సెల్స్, అంటే ఎముకగా మారగల మూలకణాలు, వేస్తే, రంధ్రాల్లోంచి లోపలికి పాకాలి. మావి నెలల తరబడి పైపైనే ఉండిపోయేవి. నా కాంట్రాక్టేమో ఇంకో రెండు నెలల్లో ముగుస్తోంది.

కణాలను ముందు సీసాలో పెంచేవాళ్లం; అడుగున అంటుకున్నవాటిని ఊడదీసే ద్రవం ట్రిప్సిన్. మూడు నిమిషాలకు ఆపేయాలి. అప్పటికి స్టెమ్ సెల్స్ ఊడతాయి. వాటితో కలిసి పెరిగే మాక్రోఫేజ్‌లు, అంటే ఒంటికి కాపలా కాసే రోగనిరోధక కణాలు, మొండిగా అడుగునే ఉండిపోతాయి. వాటిని చెత్త కింద పారేసేవాళ్లం.

ఒకరోజు ట్రిప్సిన్ పోశానో లేదో, క్రెష్ నుంచి ఫోన్. ఏడాదిన్నర బాబుకి జ్వరం. బయటికెళ్లి మా ఆయనకు ఫోన్ చేసి, అక్కడికి పంపించి వచ్చేసరికి చాలాసేపైంది. కంగారులో సీసాను గట్టిగా తట్టి, ఊడినవన్నీ స్కాఫోల్డ్ మీద పోసేశాను. నోట్‌బుక్‌లో అలవాటుగా ‘మూడు నిమిషాలు’ అని రాశాను. సాయంత్రానికి జ్వరం తగ్గింది. వారం తర్వాత స్కాఫోల్డ్‌ను పలచగా కోసి చూస్తే, స్టెమ్ సెల్స్ నడిమధ్య దాకా దిగి ఉన్నాయి.

ల్యాబ్ పెద్ద మూర్తి సార్ పొంగిపోయారు. “ఇంకో మూడుసార్లు ఇట్లాగే చేసి చూపించమ్మా.”

ఆరోజు ఎన్ని నిమిషాలు ఉంచానో నాకే తెలియదు. హొసకోటె నుంచి వచ్చి ల్యాబ్‌లో గాజుసామాను కడిగే నాగమ్మక్కతో చెప్పుకున్నాను.

“ఆయప్ప కొడ్తాడా ఏమి? చెప్పేయ్. లేకుంటే మళ్లా మళ్లా చెయ్యమంటాడు గదా, అప్పుడు యాడికి పోతావు?”

“ఉద్యోగం పోతే, అక్కా?”

“అబద్ధంతో నిలబెట్టుకుంటే దినామూ పోతానే ఉంటాదమ్మా.”

చెప్పేశాను. సార్ నోట్‌బుక్ తెరిచి ఆ పేజీ తీశారు. “ఎన్ని నిమిషాలు?”

“పదో పన్నెండో, సార్.”

“పదా, పన్నెండా?”

“గడియారం చూడలేదు సార్. బాబుకి జ్వరమని...”

“సరే. ఆ మూడుని ఒక్క గీతతో కొట్టేయ్, కింద కనబడాలి. పక్కన ‘తెలియదు’ అని రాసి సంతకం పెట్టు.” నేను సంతకం పెట్టాక అన్నారు: “అంటే మనం పారేసేవి కూడా ఊడి లోపలికి పోయుంటాయి. కావాలనే కలిపి చూద్దాం.”

కొన్ని స్కాఫోల్డ్‌లకు మాక్రోఫేజ్‌లు కొలిచి కలిపాం, కొన్నిటికి కలపలేదు. కలపనివాటిలో స్టెమ్ సెల్స్ పైనే ఆగాయి. కలిపినవాటిలో లోపలికి దిగాయి. మాక్రోఫేజ్‌లు వదిలే రసాయన సంకేతాలే వాటిని పిలుస్తున్నాయని తర్వాతి పరీక్షల్లో తేలింది. మైక్రోస్కోప్ ముందే ఏడ్చేశాను. “జరిగి ఏడువమ్మా, స్లైడ్ తడుస్తుంది” అన్నారు సార్. కాంట్రాక్టు ఇంకో ఏడాది పొడిగించారు.

ఫలితం బాగా వచ్చిన రోజే నా రాతను ఎక్కువ అనుమానంతో చదవాలని అప్పుడు నేర్చుకున్నాను. ఆ ‘మూడు’ అలాగే ఉండి ఉంటే, నేను జాగ్రత్తగా మూడు నిమిషాలకే ఆపిన ప్రతిసారీ ఫలితం మాయమయ్యేది. ఎందుకో ఎవరికీ తెలిసేది కాదు.