దుమ్ము మీదకు నెట్టిన దగ్గు

ఒళ్లు కాలిపోతున్నా షట్టర్ ఎత్తాను. అదీ పెళ్లిళ్ల సీజన్‌లో. నాంపల్లి స్టేషన్ రోడ్డులో మా సూట్‌కేసుల దుకాణం ఎవరి జ్వరం కోసమూ ఆగదని చాటడానికి ఒక జ్వరం గోలీ, అల్లం చాయ్ చాలనుకున్నాను. మధ్యాహ్నానికి చెమట పట్టి ఒళ్లు చల్లబడింది. జ్వరంతో బేరమాడి గెలిచిన మొదటి మనిషిని నేనేనని మురిసిపోయి, ఒక పెళ్లివారికి పైసా తగ్గించకుండా పెట్టెలు అంటగట్టాను.

గల్లాపెట్టె దగ్గర మా నాన్న, బాపు, కూర్చుంటాడు. దుకాణం ఆయనదే. ఊపిరి మాత్రం జేబులోని ఇన్‌హేలర్ దయ. నా దగ్గు విని తలెత్తాడు.

"ఏంది బిడ్డా, గట్లా దగ్గుతున్నవ్?"

"పెట్టెల మీద దుమ్ము బాపూ."

"దుమ్మైతే నాకు గూడ రావాలె గదా?"

"నీకు అలవాటైంది."

నవ్వి గల్లా వైపు తిరిగాడు. ఎదురుగా గిరాకీ ఉంది మరి.

వారం తిరగకముందే ఆయనకు ఊపిరందక దవాఖానలో చేర్చాం. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టారు. పరీక్షలో ఫ్లూ అని తేలింది. వార్డు బయట బల్ల మీద కూర్చుని, కాలేజీలో సూక్ష్మజీవుల పాఠం చెప్పే మా చెల్లెతో పోట్లాటకు దిగాను.

"నాకు జ్వరం దిగింది గదనే! మరి బాపుకెట్ల అంటింది?"

"జ్వరం దిగింది, వైరస్ దిగలే. మన రోడ్డు మీద ఫుట్‌పాత్ సామాన్ ఎత్తుకపోయే మున్సిపాలిటీ బండొస్తే ఏంజేస్తరక్కా?"

అది మా గల్లీలో పుట్టినవాళ్లు ఎవరైనా చెబుతారు. బండిని మొదట చూసినవాడు "గాడీ ఆరీ!" అని, బండొస్తోందని అరుస్తాడు. వాడి సరుకు పోతే పోతుంది గానీ, అబిడ్స్ దాకా మిగతావాళ్లంతా సామాను లోపలికి లాగేస్తారు.

"కణాలు గూడ గంతే. వైరస్ సొచ్చిన కణం ఇంటర్‌ఫెరాన్ అనే పదార్థం వదిలి పక్క కణాలకు కేకేస్తది. అవి తలుపులు బిగించుకుంటయ్. ఫ్లూ తెలివేందంటే, లోపలికి రాంగనే ఒక ప్రొటీన్ చేయించి ఆ కేకేసేటోని నోరు నొక్కుతది. తన నకళ్లు తయారయ్యేదాక ఆ కణం చావకుండ లోపలి మీటలు గూడ తనే తిప్పుతది."

"కిరాయికొచ్చి గల్లా మీద కూసున్నట్టు."

"ఔ. అయినా ఎంతోకొంత కేక బయటపడ్తది. జ్వరం, నొప్పులు గట్ల వచ్చినయే. నీ ఒళ్లు కేకేసింది. నువ్వు దుమ్మన్నవ్."

వైరస్ దగ్గర జీతం లేకుండా కొలువు చేశానని అప్పుడు అర్థమైంది.

చూడటానికి వచ్చిన పెద్దమ్మ ఊరుకోలేదు. "ఆడపిల్ల చేతిల దుకాణం పెడితే గిట్లనే అయితది. బంద్ పెట్టు."

"ఆడపిల్లనని కాదు పెద్దమ్మా, అబద్ధమాడిననని గిట్లయింది. అబద్ధం బంద్ పెడ్త. దుకాణం బంద్ పెట్ట."

గొట్టం తీసి బాపును ఇంటికి పంపిన మర్నాడే షట్టర్ ఎత్తాను. ఇప్పుడు ఒళ్లు కాస్త వెచ్చబడినా ఇంట్లోనే ఒక గదిలో పడుంటాను, దుకాణం తలుపు మీద కాగితం ఉంటుంది: "అమ్మే మనిషికి జ్వరం. బేరం ఫోన్‌లో." పక్క దుకాణాలవాళ్లు నవ్వుతారు. నవ్వనీ. ఏటా బాపుకూ నాకూ ఫ్లూ టీకా వేయిస్తున్నాను. ఇద్దరికి కలిపి తగ్గించమంటే నర్సమ్మ ముఖం చూడకుండానే అంది: "గీడ బేరం లేదమ్మా, చెయ్యి చాపు."

ఇక లెక్క. అబిడ్స్ దాకా గబగబా నడిచి వెళ్లే బాపు ఇప్పుడు సగం దారిలో గోడ పట్టుకుని నిలబడతాడు. పై అరలోని పెట్టె దించలేడు. పోయిన ఆ ఊపిరి తిరిగి రాదని డాక్టర్ చెప్పాడు. స్టేషన్ జనంలో ఎవరు దగ్గలేదు, ఏ గిరాకీ అంటించాడో అని వాదించే సందు నాకుంది. బేరగత్తెను, సందు కనబడకపోదు. కానీ ఆ వారమంతా ఆయన పక్కన కూర్చుని దగ్గింది నేను. మొత్తం నా పేరనే రాశాను, తగ్గింపు అడగలేదు.