చిలకమ్మ పిన్ని పేరు మీద తొమ్మిది సిమ్ములు

బర్మాలో మా సంచౌంగ్ పేట సందులో చిలకమ్మ పిన్ని గారెలు తినకుండా పెద్దవాడైన తెలుగు పిల్లవాడు లేడు. ఆవిడ తిట్లు తినకుండా పెద్దవాడైనవాడూ లేడు. రెండిట్లోనూ కారం ఎక్కువే. వాళ్లది గంజాం నుంచి వచ్చిన హిందూ కుటుంబం, మేము బాప్టిస్టులం. అయినా క్రిస్మస్‌కి మా పొయ్యి ముందు కూర్చుని పిండివంటలు చేసేది ఆవిడే. మా అమ్మ పోయాక నన్ను కేకలేసే హక్కు తనకే దక్కిందని ఆవిడ నమ్మకం. చౌక్తడాలో కోర్టుల దగ్గర మూడో అంతస్తులో నేను రూబెన్ వకీలు అని బోర్డు కట్టుకుని కూర్చున్నా, ఆవిడ లెక్కలో ఇంకా ముక్కు కారే బుడ్డోడినే.

ఆవిడకు పింక్ కార్డు ఉంది. పూర్తి పౌరసత్వం ఉన్నవాళ్లకిచ్చే కార్డది. తాతల నాటినుంచి ఇక్కడే పుట్టి ఇక్కడే పోతున్నా మా సందులో చాలామందికి అది లేదు. కార్డు లేనిదే సిమ్ము రాదు. అంచేత ఎవరికి ఫోను కావలసినా పిన్నిని వెంటబెట్టుకుని కొట్టుకు వెళ్లేవారు. ఆవిడ ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని పెళ్లిపెద్దలా బయలుదేరి, వేలిముద్ర వేసి వచ్చేది. కార్డు ఇవ్వడమంటే పక్కింటికి రుబ్బురోలు ఇచ్చినట్టే అనుకునేది. వద్దని నేను రెండుసార్లు చెప్పాను. వకీళ్లకు అన్నిటికీ భయమే అని నవ్వింది. అలా తొమ్మిది సిమ్ములు ఆవిడ పేరు మీద చేరాయి.

చదువు రాదు గాని పద్ధతి ఉంది. సిమ్ము తుంచుకోగా మిగిలిన ప్లాస్టిక్ అట్ట మీద నంబరు అచ్చు వేసి ఉంటుంది కదా, ఆ అట్టలన్నీ బిస్కెట్ల డబ్బాలో దాచేది. ఏది ఎవరిదో తెలియడానికి సిమ్ము పట్టుకెళ్లినవాళ్ల పాత బట్ట పీలిక ఒకటి దానికి కట్టేది.

సైన్యం గద్దెనెక్కిన ఏడాది అది. రాత్రి ఎనిమిదయ్యేసరికి సైన్యం మీద నిరసనగా వీధివీధంతా గిన్నెలు మోగేవి. పిన్ని గారెల మూకుడే తెచ్చి వాయించింది, దానికి పడిన సొట్ట ఇప్పటికీ ఉంది. బళ్లు మూసేశారు. పిల్లలకు ఫోనే బడి, ఫోనే ఆటస్థలం. పెద్దవాళ్లకు దాని లోపల ఏముందో తెలియదు. సైనికులు కుర్రాళ్లను నడివీధిలో ఆపి ఫోన్లు వెతికేవారు. మా సందులోంచే, పిన్ని సిమ్ములు పట్టుకెళ్లిన కుర్రాళ్లిద్దరు ఊరు వదిలి ఎటో వెళ్లిపోయారు.

ఆ వానాకాలంలో ఒక పొద్దున్న పోలీసులు పిన్నిని పట్టుకుపోయారు. రెండు వీధుల అవతల పన్నెండేళ్ల బర్మా పిల్లతో ఎవరో తాను కూడా చిన్నపిల్లనేనని చెప్పి ఫోనులో స్నేహం చేశారు. కొన్నాళ్లకు ఫొటోలు అడిగారు, అమ్మకు చెప్పొద్దన్నారు. ఆ పిల్ల తెలివైనది, అమ్మకే చెప్పింది. ఆ దొంగ ఖాతా తెరిచిన నంబరు చిలకమ్మ పేరు మీద ఉంది.

వయసు చూసి మూడో రోజున జామీను ఇచ్చారు. ఇంటికి తీసుకొచ్చి కూర్చోబెట్టి, ఎవరికి ఏ సిమ్ము ఇచ్చావో చెప్పు, నీ మీద కేసు నిలబడదు అన్నాను. చెప్పనంది. పేర్లు చెబితే తొమ్మిది గుమ్మాలకూ పోలీసులు వస్తారు, ఊరు వదిలిన ఆ ఇద్దరి తల్లుల గతేమిటి అంది. నాకు ఒళ్లు మండింది. ఈ వయసులో ఏళ్ల తరబడి జైల్లో ఉండగలవా అని అరిచాను. ఉంటే ఉంటానంది. గారెలు లేకపోతే సందుకే కరువు, నాకేం అని కూడా అంది.

అప్పుడు నేను కేసు కాగితాలు తీశాను. ఆ పిల్లకు వచ్చిన మాటలు ఒక్కొక్కటే చదివి తెలుగులో చెప్పాను. అన్నీ చదవలేదు, నాకూ ఒక కూతురుంది. ఇప్పుడా పిల్ల అన్నం సరిగా తినడం లేదని, ఫోను మోగితే మంచం కిందికి దూరుతోందని వాళ్లమ్మ చెప్పిందన్నాను. పిన్ని లేచి బియ్యప్పిండి డబ్బా వెనకనుంచి బిస్కెట్ల డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది.

నంబరు చూసి ఒక అట్ట తీశాను. దానికి నీలం గళ్ల లుంగీ పీలిక కట్టి ఉంది. పిన్ని ఆ అట్ట నా చేతిలోంచి లాక్కుని పీలికను వేళ్లతో తడిమి చూసింది. ఆ లుంగీ కన్నారావుది. పిన్ని చెల్లెలి కొడుకు. తల్లి పోతే నాలుగేళ్ల వయసునుంచి ఈవిడే పెంచింది. ఈవిడకు పిల్లల్లేరు. ముప్ఫై దాటినవాడు, గిడ్డంగిలో గుమాస్తా, నలుగురిలో నెమ్మదస్తుడని పేరు.

ఇప్పుడు ఏం చెయ్యమంటావని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఆవిడే ఆ ఒక్క అట్టా నా చేతిలో పెట్టి, మిగతా ఎనిమిదీ పొయ్యిలో వేసింది. వకీలుగా నేను ఆపాల్సిందో ఏమో. కిటికీలోంచి వీధి చూస్తూ నిలబడ్డాను. ప్లాస్టిక్ కంపుకి ఇద్దరం దగ్గాం.

వాయిదా రోజున జడ్జిగారు ఈ నంబరు ఎవరి దగ్గరుందని అడిగితే, పిన్ని బర్మా భాషలో తడుముకోకుండా పేరు చెప్పింది. అతను మీకేమవుతాడు అన్నారాయన.

"నా కొడుకే," అంది.

కన్నారావు ఫోనులో ఆ సిమ్మూ దొరికింది, ఆ ఖాతా కూడా దొరికింది. పిన్ని మీద కేసు తీసేశారు, ఇక కార్డు ఎవరికీ ఇవ్వనని రాయించుకున్నారు. బయటికి వచ్చాక, వాడి తరఫున వాదించడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా అని నేను నసిగాను.

"ఎవుల్నైనా ఎట్టు బావూ. నువ్వు మాత్రం ఎల్లకు. ఆ పిల్ల తల్లి నిన్ను సూసినప్పుడు నువ్వు తల దించుకోనక్కర్నేకుండా ఉండాల."

ఆ పూట ఆవిడ మీద పొంగిన ప్రేమ దాచుకోవడానికి, రిక్షా వాడితో బేరమాడుతూ కూర్చున్నాను.

వాడికి శిక్ష పడింది. ములాఖత్‌లు ఆపేశారు గాని, గేటు దగ్గర పొట్లం తీసుకుంటారు. ఖైదీ వద్దంటే తిరిగి ఇచ్చేస్తారు. పిన్ని ప్రతి గురువారం గారెలు కట్టుకుని వెళ్లేది. వాడు ప్రతి గురువారం వద్దనేవాడు. ఆవిడ అటునుంచి అటే నా ఆఫీసుకి వచ్చి, మూడు అంతస్తులూ ఆయాసపడుతూ ఎక్కి, పొట్లం నా బల్ల మీద పెట్టేది. తింటావా, పారబొయ్యనా అని కసిరేది. పధ్నాలుగు నెలలు ఆ గారెలు నేనే తిన్నాను. ఎప్పుడూ చల్లారిపోయే ఉండేవి. బాగున్నాయి పిన్నీ అనేవాణ్ణి.

మొన్న గురువారం ఉత్త చేతులతో వచ్చింది. కుర్చీలో కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంది. ఏమైంది, ఈవేళ వండలేదా అన్నాను.

"వండేను బావూ," అంది. "ఈయేల నీకు గారెలు నేవు."