నా తోడికోడలికి రాని బూజు

రెండో విడత కరోనాలో, పుత్తూరులోని మా ఇంట్లో నాకూ మా తోడికోడలికీ ఒకేరోజు జ్వరం తగిలింది. తిరుపతి ఆసుపత్రిలో పక్కపక్క మంచాలే దొరికాయి. ఇద్దరికీ ఆక్సిజన్ పెట్టారు, ఒకే స్టెరాయిడ్ సూదులు వేశారు. పన్నెండో రోజు ఒకే కారులో ఇంటికొచ్చాం.

వారం తిరిగేసరికి ఆమె లేచి దోసెలు పోయసాగింది. నాకు కుడివైపు ముక్కు బిగుసుకుపోయింది. చెంప మొద్దుబారింది. చీదితే నల్లగా వచ్చింది. జలుబే ఇంకా వదల్లేదనుకున్నాను. మూడో వారంలో పై పన్ను కదిలితే మా ఆయన భయపడి మళ్ళీ తిరుపతికి తీసుకుపోయాడు.

“బ్లాక్ ఫంగస్” అన్నది డాక్టరమ్మ.

“ఇద్దరం ఒకే మందులు వాడినాం కదమ్మా. ఆమెకు రాంది నాకెందుకొచ్చె?”

నేనడిగిన మొదటి మాట అదే. బతుకుతానా అని కాదు.

డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. “ఈ బూజు గాలిలో, మట్టిలో యాడబడితే ఆడ ఉంటాదమ్మా. దినామూ పీలుస్తానే ఉంటాం. ఒంట్లో కాపలా గట్టిగుంటే అదేమీ సెయ్యలేదు. వైరస్ వచ్చి ముక్కు లోపలి పొరను, ఊపిరితిత్తులను దెబ్బతీసింది. ఆయాసానికి ఇచ్చిన స్టెరాయిడ్ ఆ కాపలాను ఇంకా తగ్గించి, షుగర్‌ను పెంచింది. నీకు ముందే షుగర్ ఉండాది. ఇంటికిపోయినాక ఆ స్టెరాయిడ్ మాత్రలు ఎన్నాళ్ళు మింగినావు?”

అయిదు రోజులకు రాసిచ్చిన చీటీనే మందుల షాపులో చూపించి, ఇంకో పదిహేను రోజులకు తెచ్చుకున్నాను. షుగర్ ఒక్కసారి కూడా చూపించుకోలేదు.

కుడి పైదవడ తీసేశారు. కన్ను దక్కింది. వారాల తరబడి సెలైన్‌లో మందు ఎక్కించారు. ఇంటికొచ్చాక నీళ్ళు తాగితే ముక్కులోంచి కారేవి. పలచటి సంగటి మింగడమే గతి. ఎదురుగా మా తోడికోడలు మురుకులు కొరుకుతుంటే ఆ కరకరకు నా ఒళ్ళు మండేది. ఆమె పళ్ళను చూసినా కుళ్ళే, నవ్వును చూసినా కుళ్ళే. నా బట్టలుతికిందీ, పుండు కడిగిందీ ఆమే. అయినా అంతే.

“ఏందక్కా, అట్లా సూస్తాండావు?”

“నీకూ వచ్చింటే తెలిసుండేది.”

మాట ముద్దముద్దగా వచ్చింది కానీ ఆమెకు అర్థమైంది. పళ్ళెం అక్కడే పెట్టి లేచిపోయింది.

ఆ తర్వాత ఆమె నా ముందు ఏదీ కొరకలేదు. ఒక మధ్యాహ్నం మిద్దె మెట్ల వెనక కనబడింది. కొంగు అడ్డం పెట్టుకుని, చప్పుడు కాకుండా మురుకు ముక్కను నోట్లో నానబెట్టుకుంటోంది. నన్ను చూసి దిగ్గున లేచింది.

“ఈడెందుకమ్మే, లోపలికొచ్చి తిను” అన్నాను. సిగ్గేసింది. కుళ్ళు మాత్రం పోలేదు.

అంగిట్లో పడిన రంధ్రాన్ని మూసే ప్లేటుకు కొలతలిచ్చే రోజు ఆమే నాకు తోడుగా తిరుపతికి వచ్చింది. వరుసలో నా పక్కన, ఒక కన్ను తీసేసిన నగరి మగ్గం పనివాడు కూర్చున్నాడు. నా ముఖాన్ని చాలాసేపు చూశాడు.

“నీకు రెండు కండ్లూ ఉండాయే. పుణ్యాత్మురాలివి” అన్నాడు.

ఆ చూపు నాకు బాగా తెలుసు. తల దించుకున్నాను. మా తోడికోడలే ఆయన వైపు జరిగి అడిగింది:

“నీకూ షుగర్ ఉండిందా అన్నా?”