కొత్త రంగు వేసిన పాత వైసు

ఇంట్లో రిపేర్లకని మా అబ్బాయి నందిగామలోని పాత ఇనుము కొట్లో, పని ముక్కల్ని దవడల మధ్య బిగించి పట్టుకునే బెంచి వైసు కొన్నాడు. దాని మీద కొత్త నీలం రంగు చూడగానే నాకు మా నాన్న వైసు గుర్తొచ్చింది.

దసరాకి పనిముట్లకి పసుపు పూసేవాళ్ళం, మీకూ గుర్తుండే ఉంటుంది. జగ్గయ్యపేటలో మా నాన్న షెడ్డులోని వైసుకి అమ్మ దట్టంగా పసుపు పట్టించింది. ఆ పసుపు కిందున్న సన్నటి పగులు ఎవరికీ కనబడలేదు. మర్నాడు నాన్న బిగిస్తుంటే అది విరిగి చేతిమీద పడింది. ఆ చేత్తో ఆయన మళ్ళీ అన్నం కలుపుకోలేదు.

"రంగు గీకి చూడరా. పగులు లేకపోతే, సుత్తితో కొడితే గంటలా మోగాలి," అన్నాను మా వాడితో.

"నీ భయానికి ఇనుము కూడా పగులుద్దమ్మా," అని నవ్వుతూ కొట్టాడు. చప్పుడు మొద్దుగా వచ్చింది.

"సరిగ్గా బిగించలేదులే," అంటూ పిడి ఇంకా గట్టిగా తిప్పుతున్నాడు.