మా ఆడపడుచు పొట్టను పూడ్చిపెట్టిన రోజు

మా ఆడపడుచు రౌకురాకు పొట్ట లేదు. ఎగతాళికి అనడం లేదు, నిజంగానే లేదు. తిన్నది గొంతులోంచి దిగి తిన్నగా పేగుల్లోకి పోతుంది. అయినా మా నది ఒడ్డు ఊళ్ళన్నిట్లో ఆవిడ చేతి వంటకు సాటి వచ్చే వంట లేదు. ఈ మాట ఆవిడ ఎదుట మాత్రం అనను. అన్నానంటే నెత్తికెక్కి కూర్చుంటుంది.

మా మరాయె వంటశాలకు ఆవిడే రాణి. ఈ దీవుల మూలవాసులం మేము, పెళ్ళయినా, చావైనా, పంచాయితీ అయినా మా కుటుంబాలన్నీ చేరేది మా వంశపు సభాప్రాంగణమైన ఈ మరాయెలోనే. ముందు మండపంలో మగవాళ్ళు చేతికర్రలు ఊపుతూ ఉపన్యాసాలు దంచుతారు గానీ, మా పరువు నిలబడేదీ పోయేదీ వెనక వంటశాలలో. వచ్చినవాళ్ళు సగం కడుపుతో వెళ్ళారంటే మాకు అంతకంటే తలవంపు లేదు. అనుకున్నదానికి రెట్టింపు జనం దిగినా రౌకురా వదిన కంగారు పడదు. గోతిలో రాళ్ళు కాల్చి, పంది మాంసం, చిలగడదుంపలు, గుమ్మడి బుట్టలకెత్తి, తడి గోనెలు కప్పి మట్టి పోయించేస్తుంది. మట్టి తీసినప్పుడు లేచే ఆవిరి వాసన చూసి, ఉడికిందో లేదో చెప్పేస్తుంది.

నేను కోడలిగా వచ్చిన మొదటి రోజే నా చేతికి ఒక కత్తీ, ఒక బస్తా ఉల్లిపాయలూ ఇచ్చింది. "నువ్వేం చదువుకున్నావో నాకనవసరం. ఈ వంటింట్లో ఎవరైనా ఉల్లిపాయలతోనే మొదలు" అంది. ఆ రోజు నుంచి నన్ను పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. ఆవిడకు నేను ఉల్లిపాయనే.

ఆ ఇంట్లో పొట్ట జబ్బు ఉందని నాకు పెళ్ళికి ముందే తెలుసు. వదిన తల్లి దానితోనే పోయింది, పెద్దన్నయ్య దానితోనే పోయాడు. వయసులో ఉండగానే పోయారు. కారణం ఏంటంటే మా హోహెపా బాబాయ్ ఒక కథ చెప్పేవాడు. వాళ్ళ ముత్తాత ఒకాయన, చనిపోయినవాళ్ళను కడిగే నీటిబుగ్గలోంచి పాముచేపలు పట్టుకుని తిన్నాడట. ఆ నీళ్ళు ముట్టకూడనివి. చేప పోయింది పొట్టలోకి కాబట్టి శాపమూ పొట్టనే పట్టుకుందట. అప్పటినుంచి ఆ ఇంట్లో పాముచేప వండలేదు, తినలేదు. నది పక్కన పుట్టి, ఇరుగుపొరుగు వాళ్ళు చేపలు పొగబెడుతుంటే వాసన పీలుస్తూ కూర్చున్నారు పాపం. అన్ని తరాలు అలా నోరు కట్టుకున్నా జబ్బు ఆగలేదు.

చివరికి అది నా మొగుడు రాహిరిని పట్టుకుంది. తిండి సయించడం లేదంటే ఆసుపత్రికి తీసుకెళ్ళాను. గొంతులోంచి కెమెరా వేసి చూసి, అంతా శుభ్రంగా ఉంది అన్నారు. ఆ ఏడాది తిరగకుండానే ఆయన్ని ఇదే మరాయెలో పడుకోబెట్టి ఏడ్చాం.

శవం దగ్గర హోహెపా బాబాయ్ మళ్ళీ పాముచేపల కథ ఎత్తుకున్నాడు. రౌకురా వదిన వంటశాలలోంచి గరిటె పట్టుకునే వచ్చింది. మండపంలోకి గరిటెతో రాకూడదు. ఎవరూ ఆపే ధైర్యం చెయ్యలేదు.

"చాలు బాబాయ్. ముత్తాత ఎప్పుడో ఒక పూట తిన్న చేపలకి మేమెన్నాళ్ళు చావాలి? మనం తినడం మానేశాం, అవి బలిశాయి. నదిలో దర్జాగా తిరుగుతున్నాయి. శవపెట్టెల్లో పడుకుంటున్నది మనం!"

"నోర్ముయ్యవే. చచ్చినోడు వింటాడు."

"విననీ. వాడికీ తెలియాలిగా దేనికి చచ్చాడో."

అది తెలుసుకోవడానికే ఆవిడ బయలుదేరింది. అంతకు కొన్నేళ్ళ ముందు, మా జాతివాళ్ళదే వేరే తీరంలోని ఒక కుటుంబం, ఇలాగే వరసగా చావులు చూసి, మా దేశానికి దక్షిణాన ఉన్న విశ్వవిద్యాలయం తలుపు తట్టింది. ఆ పరిశోధకులూ ఆ కుటుంబమూ కలిసి కూర్చుని కారణం పట్టుకున్నారు. తల్లిదండ్రుల నుంచి వచ్చే ఒక జన్యువులో లోపం. ప్రపంచంలో ఈ పొట్ట క్యాన్సర్ వెనక ఉన్న జన్యువు మొట్టమొదట దొరికింది మా జాతివాళ్ళ ఇంట్లోనే. ఈ సంగతి చెప్పేటప్పుడు నా వెన్ను దానంతటదే నిటారుగా అవుతుంది.

వదిన ఆ పరిశోధకులను మా మరాయెకు రప్పించింది. సూదులూ సీసాలూ చూడగానే హోహెపా బాబాయ్ కర్ర నేలకేసి కొట్టాడు.

"తెల్లోళ్ళు మన భూమి పట్టుకుపోయారు. అది చాలక ఇప్పుడు రక్తమా?"

"బాబాయ్, భూమి అడక్కుండా పట్టుకుపోయారు. వీళ్ళు అడుగుతున్నారు. అడిగినోళ్ళతో బేరమాడొచ్చు, కూర్చో" అంది వదిన.

నిజంగానే బేరమాడింది. మా రక్తం మాదే, మాకు చెప్పకుండా ఇంకో పనికి వాడకూడదు, ఏం తేలినా ముందు మాకే చెప్పాలి అంది. ఆ వచ్చిన తెల్లజుట్టు పెద్దమనిషి అన్నిటికీ తలూపాడు. తలూపాక గానీ భోజనం పెట్టలేదు.

పరీక్షలో లోపం ఇద్దరిలో తేలింది. ఒకరు రౌకురా వదిన. రెండోది నా ఒక్కగానొక్క కూతురు అనహేరా.

అనహేరా కలప లారీ నడుపుతుంది. కొండ మలుపుల్లో ఆ దుంగల బండిని తిప్పడం చూస్తే నాకే గుండె ఆగుతుంది. మొండిఘటం. పుట్టిన నాటి నుంచీ మేనత్త పోలికే. చిన్నప్పుడు అందరూ ముచ్చటగా అనేవారు. నేను మాత్రం ఆ మాట తిట్టుగానే వాడుకున్నాను.

ఆసుపత్రిలో సర్జన్ ఒక సన్నటి ఆవిడ. ఏదీ దాచలేదు. ఈ క్యాన్సర్ పొట్ట గోడ లోపల, పై పొర కింద, చుక్కల్లా మొదలవుతుందట. అందుకే కెమెరాకు దొరకదు. దొరికేసరికి చెయ్యి దాటిపోతుంది. కాబట్టి అది ముదరకముందే పొట్ట మొత్తం తీసేయడమే దారి అంది.

మా అమ్మాయి ఊరికి రాగానే వంటశాలలో అత్త ముందు నిలబడి పేలింది.

"ఏ నొప్పీ లేదు నాకు. ఇనప గుండ్లు మింగినా అరుగుతాయి. కెమెరా కూడా ఏం లేదనే అంది."

"మీ నాన్నకీ ఏం లేదనే అందే తల్లీ" అన్నాను నేను.

"తినకుండా బతికేది ఒక బతుకా అమ్మా? ఈ ఇంట్లో? తిండి తప్ప మనకి ఇంకేం తెలుసు?" అని అత్త వైపు తిరిగింది. "నీకూ ఉందిగా ఆ లోపం. ఇంత వంట చేసేదానివి, నీ పొట్ట నువ్వు తీయించుకుంటావా? తీయించుకుని చూపించు. అప్పుడు నాకు చెబుదువుగాని."

వదిన పూహా ఆకు వేసిన పంది ఎముకల పులుసు కలుపుతోంది. కలపడం ఆపలేదు.

"సరే" అంది.

"ఏంటి సరే?"

"తీయించుకుంటాను. తప్పుకో, పులుసు మాడుతోంది."

మర్నాడే సర్జన్ దగ్గరికి నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది. తీసిన పొట్టను అంగుళం వదలకుండా కోసి, సూక్ష్మదర్శిని కింద పరీక్షించాలంది డాక్టరమ్మ. ఇక్కడ తెలిసేది రేపు ఇంకొకరికి పనికొస్తుందట.

"కోసుకోమ్మా. నేనూ జన్మంతా కోస్తూనే ఉన్నాను" అంది వదిన. "కానీ ఒక్క ముక్క చెత్తలో పడకూడదు. మొత్తం నాకు తిరిగి రావాలి. మా మట్టిలో పెట్టుకోవాలి."

"తప్పకుండా. మీవాళ్ళు చాలామంది అడుగుతారు."

"ఇంకోటి. ఏం కనబడిందో నా చెవిలో చెప్పొద్దు. నువ్వే మా మరాయెకి వచ్చి అందరి ముందూ చెప్పు. దేనికైనా నేను తట్టుకుంటాను. కడుపు నిండా భోజనం పెట్టి పంపిస్తాను."

డాక్టరమ్మ నవ్వి ఒప్పుకుంది.

ఆపరేషన్ బాగానే జరిగింది. తర్వాతి నెలలే నరకం. గుప్పెడు తింటే గంటసేపు వాంతి వచ్చేలా ఉండేది. ఒకరోజు అలవాటు ప్రకారం తీపి పుడ్డింగ్ రుచి చూడబోయి, రెండు చెంచాలు ఎక్కువ తిని, ఒళ్ళంతా చెమటలు పట్టి వంటశాల గచ్చు మీదే కూలబడింది. ఏనుగులా ఉండే మనిషి, గౌను వేలాడేసుకుని తిరిగేది. అనహేరా అది చూసినప్పుడల్లా నా వంక చూసేది. 'చూశావా' అని నోరు తెరిచి అనేది కాదు, అంతే తేడా. నాకు వదిన మీద జాలీ, వదిన మీద కోపమూ రెండూ కలిగేవి. ఆవిడ ఇలా చిక్కి శల్యమైతే నా కూతురు ఆ ఆపరేషన్ బల్ల ఎక్కుతుందా? ఎక్కకపోతే నేను ఇంకో పెట్టె పక్కన కూర్చోవాలి. ఆ రోజు రానివ్వొద్దనే రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకునేదాన్ని.

వదిన మాత్రం మూల కూర్చుని మూలగలేదు. గరిటెతో తినే మనిషి చెంచాతో తినడం నేర్చుకుంది. కొంచెం కొంచెంగా, రోజంతా, నమిలి నమిలి మింగేది. "ఇన్నేళ్ళూ గుటకలు వేశానే ఉల్లిపాయా, రుచి ఇప్పుడు తెలుస్తోంది" అనేది. మెల్లగా ముఖంలోకి కళ వచ్చింది. మళ్ళీ వంటశాలలో కేకలు మొదలయ్యాయి. అవి విని నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆసుపత్రి నుంచి పొట్ట తిరిగి వచ్చే రోజు ఖాయమైంది. వదిన అందరికీ కబురు పెట్టింది, వంట కూడా తానే చేస్తానంది. "నా పొట్ట సాగనంపడం. ఇంకొకరు వండితే ఊరుకుంటానా?" అంది.

ఆ పొద్దున హోహెపా బాబాయ్ కారులో రెండు తెల్ల థర్మాకోల్ పెట్టెలు తెచ్చాడు. ఒకదానిలో విందుకు ఆల్చిప్పలు, రెండోదానిలో వదిన పొట్ట. నేను చటుక్కున ఒకటి ఎత్తుకుని వంటశాలలోకి నడిచాను. గడప మీద కాలు పెట్టబోతుంటే వదిన కేక వేసింది.

"ఆగవే! మూత మీద ఆసుపత్రి ముద్ర కనబడ్డం లేదా? నా పొట్టని నా వంటింట్లోకే తెస్తున్నావా?"

మనిషి దేహంలో భాగం వంటింటి గడప దాటిందంటే ఆ వంటంతా మైలే, పారబోయాల్సిందే. వెనక్కి గెంతాను. బాబాయ్ పెట్టె అందుకుంటూ, "ఇన్నాళ్ళూ ఆ వంటింట్లోనే ఉందిగా, దారి తెలిసి వెళ్తోంది" అన్నాడు. అందరం పగలబడి నవ్వాం.

మండపంలో డాక్టరమ్మ లేచి నిలబడింది. కెమెరా ఏమీ చూపించని ఆ పొట్టలో, గోడ లోపల, క్యాన్సర్ చుక్కలు పదుల్లో ఉన్నాయని చెప్పింది. అన్నీ చిన్నవే, ఒక్కటీ బయటికి పాకలేదు. "రౌకురాకు ఇక ఆ భయం లేదు" అంది. నేను రాహిరి ఫోటో వంక చూశాను. ఆయన పొట్టలోనూ ఇవే ఉండి ఉంటాయి, ఎవరికీ కనిపించకుండా. అనహేరా తలుపు దగ్గర గోడకానుకుని నిలబడి, తన చేతిని తన పొట్ట మీద పెట్టుకుంది.

శ్మశానంలో రాహిరి సమాధికి పాదాల వైపు చిన్న గొయ్యి తవ్వారు. హోహెపా బాబాయ్ కర్ర పట్టుకుని ఆ పెట్టెను చూస్తూ మాట్లాడాడు. "ఓ పొట్టా, నువ్వు మాకెప్పుడూ తక్కువ చెయ్యలేదు. ఇన్ని వేల మందికి పెట్టే చేతిని పోషించావు. మా అక్కచెల్లెళ్ళూ అన్నదమ్ములూ తెలియక చచ్చారు. ఈ పిల్ల తెలుసుకుని బతికింది. చేపల్ని తిట్టాను, తప్పు నాదే. వెళ్ళిరా." అంటూనే ముసలాయన వెక్కి వెక్కి ఏడ్చాడు. ఒక పొట్ట కోసం ఏడ్చిన కుటుంబం ఇంకెక్కడైనా ఉందో లేదో గానీ, మా వాళ్ళ పక్కన నిలబడి ఉన్నందుకు నాకు గర్వంతో గుండె ఉప్పొంగింది.

బయటికి వచ్చి నీళ్ళతో చేతులు కడుక్కుని భోజనాలకు కూర్చున్నాం. వదిన చివరగా ఒక పళ్ళెం తెచ్చి బల్ల మధ్యలో పెట్టింది. పొగబెట్టిన పాముచేప, నూనె మెరుస్తూ. బాబాయ్ నోరు తెరుచుకునే ఉండిపోయాడు.

వదిన ఒక చిన్న ముక్క తుంచి నోట్లో వేసుకుంది. నమిలింది, నమిలింది. అందరం ఆవిడ దవడ వంకే చూస్తున్నాం.

"ఉప్పు తగ్గింది" అంది.

నవ్వులు ఇంకా ఆగకుండానే, నా పక్క నుంచి అనహేరా చెయ్యి చాచి పళ్ళెంలోంచి పెద్ద ముక్క తీసుకుంది. మొత్తం తిని, వేళ్ళు తుడుచుకుంది.

"అత్తా, నీ పొట్ట పక్కన ఇంకా చోటుందా?"

వదిన మేనకోడలి ముఖంలోకి చూసింది.

"ఉంది. కానీ పొట్ట ఎవరిదో వంట వాళ్ళే చెయ్యాలి."

"నాకు వంట రాదుగా."

వదిన తన నడుముకున్న వంట గుడ్డ విప్పి అనహేరాకు కట్టింది. నా వైపు చూసి నా ఉల్లిపాయల కత్తి ఇమ్మన్నట్టు చెయ్యి చాపింది. ఆ కత్తిని అనహేరా చేతిలో పెట్టి, వంటశాల మూలన ఉన్న బస్తా చూపించింది.

"ఉల్లిపాయలతో మొదలుపెట్టు."

లారీ నడిపే నా కూతురు కత్తి పట్టుకుని, తల ఎత్తుకుని వంటశాలలోకి నడిచింది. అచ్చం మేనత్త పోలిక.