ఎడంచేతి పాఠాలు

మొన్న బెంజ్ సర్కిల్ దగ్గర ఒక బొమ్మల షాపులో, చుట్టాల పిల్లాడి పుట్టినరోజుకి ఏదైనా కొందామని నిలబడితే, అక్కడి అమ్మాయి ఒక చెక్క పెట్టె తెచ్చి నా ముందు తెరిచింది. లోపల బుల్లి గిన్నెలు, చెంచాలు, రంగు పూసలు, ఒక చిన్న జగ్గు. స్కూల్లో వేసేలోపు అన్నీ ఇంట్లోనే నేర్పించుకోవచ్చనీ, పిల్లలు చేతులతో చేస్తూ నేర్చుకుంటారనీ ఎంతో ఉత్సాహంగా చెప్పింది. ఏ చేత్తో అని అడగబోయి ఊరుకున్నాను. పాపం, ఆ అమ్మాయి చేసిన తప్పేముంది? ఎనిమిదేళ్ల కిందటి కోపం ఇంకా చల్లారలేదని తెలిసి నాకే ఆశ్చర్యం వేసింది.

మా పాపది ఎడమచేతి వాటం. నాలుగేళ్లప్పుడు నర్సరీలో వేస్తే, అక్కడి మిస్ పెన్సిల్ తీసి కుడి చేతిలో పెట్టేది. పాప మళ్లీ మార్చుకునేది. ఆవిడ మళ్లీ తీసేది. ఇద్దరిలో ఎవరూ తగ్గలేదు గానీ, స్కూలు గేటు చూడగానే పాపకి జ్వరం రావడం మొదలైంది. అప్పట్లో నేను మైలవరంలో ఒక కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని. ఆ ఉద్యోగానికి సెలవు పెట్టి, పాపను స్కూలు మాన్పించి, గుణదలలోని మా ఫ్లాట్‌లో చాప పరిచి ఇంటిబడి పెట్టాను. ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్న విద్య నాది. పెసలూ మినుములూ కలిపి పళ్లెంలో పోస్తే పాప ఏరి వేరు చెయ్యాలి. గరిటెతో ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి నీళ్లు పోయాలి. పిండి ముద్దతో అక్షరాలు చెయ్యాలి. వీడియోల్లో ఎంతో ముచ్చటగా ఉండేది. మా ఇంట్లో మాత్రం పెసలు ఫ్రిజ్ కింద మొలకలెత్తాయి. మా ఆయన ఆఫీసుకి వెళ్తూ బూటులో కాలు పెట్టి, మినుములు గుచ్చుకుంటే, ఏమీ అనకుండా దులుపుకుని వెళ్లిపోయేవారు. ఆ ఏమీ అనకపోవడమే నాకు ఒళ్లు మండించేది. గౌను బొత్తాలు పాప తనే పెట్టుకోవాలని నియమం పెట్టిందీ నేనే, ఆ బొత్తాల దగ్గర నిలబడి పళ్లు కొరుక్కున్నదీ నేనే.

ఇవన్నీ ఓర్చుకునేదాన్నే. ఓర్చుకోలేనిది మా అత్తగారి మంచితనం. ఆవిడ పెడనలో బట్టల వ్యాపారం చేసే ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి, ఎప్పుడూ గొంతు పెంచరు. నా ఇంటిబడికి డబ్బాలు, చేటలు, గరిటెలు అన్నీ ఆవిడవే. పక్కన కూర్చుని కథలు చెబుతూ, మధ్యలో ఎంతో ప్రేమగా, "చెయ్యి మార్చుకో బంగారం" అనేవారు. నేను తలెత్తి చూస్తే, ఊరికే అన్నానమ్మా అనేవారు. అంటే ఏ మిస్ నుంచి పిల్లను తప్పించి తెచ్చానో ఆ మిస్‌కి నా ఇంట్లోనే రెండు పూటలా భోజనం పెట్టి, సాయంత్రం కాఫీ కూడా ఇస్తున్నానన్న మాట. పోట్లాడదామంటే ఆవిడ పోట్లాడరు. బతిమాలితే అలాగేనమ్మా అని, మర్నాడు మళ్లీ మొదలు. చివరికి ఒక రాజీకి వచ్చాం: అన్నం కుడి చేత్తో తినాలి, మిగతావన్నీ పాప ఇష్టం. రాజీలో నా వాటా నేను నిలబెట్టుకున్నాను.

ఒకరోజు పొద్దున్నే, కొనడం నేర్పిద్దామని పాపను కిందికి తీసుకెళ్లాను. కూరల బండి అప్పుడే వచ్చి ఆగింది. పాప బెండకాయల కొసలు విరిచి చూసి, లేతవి ఏరి, తూకం వేయించి, పెద్ద ఆరిందాలా నోటు చాపింది. బండి అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "బోణీ బేరం తల్లీ, కుడి చేత్తో ఇవ్వమ్మా" అన్నాడు. పొద్దుటి మొదటి అమ్మకం ఎడం చేతి మీదుగా జరిగితే ఆ రోజు బేరాలుండవని అతని భయం. నవ్వుతూనే అన్నాడు. కానీ నెలల తరబడి మా అత్తగారి మీద దాచుకున్న కోపమంతా ఆ మనిషి మీద కుమ్మరించాను. ఈ చేతికేమైందండీ అని మొదలుపెట్టి ఏమేమో అన్నాను. జనం బాల్కనీల్లోకి వచ్చి చూశారు. అతను బిత్తరపోయి, ఊరికే తీసుకెళ్లండమ్మా అన్నాడు. అంతసేపూ పాప నోటున్న చెయ్యి చాపి అలాగే నిలబడింది. నేను అరిచిందంతా తన తరఫునే. తనకి మాత్రం ఆ చెయ్యి వల్లే గొడవైందని అర్థమైంది. లిఫ్టులో ఆ చేతిని గౌను జేబులో పెట్టేసుకుంది. మర్నాటి నుంచి ఎవరూ చెప్పకుండానే గరిటె కుడి చేత్తో పట్టుకుంది. నీళ్లన్నీ చాప మీదే. నీకు వచ్చిన చేత్తోనే చెయ్యమ్మా అంటే తల అడ్డంగా ఊపేది. నాకు ఏడుపొచ్చేది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం, భోజనం చేస్తున్న మా అత్తగారు చారు పోసుకోవడానికి ఎడమ చేత్తో గరిటె అందుకున్నారు.

"నానమ్మా, అది ఎడం చెయ్యి" అంది ఎదురుగా కూర్చున్న పాప.

"కుడి చెయ్యి ఎంగిలైంది కదమ్మా. వడ్డించుకోవడానికి ఇదే మంచిది."

పాప తన కుడి చేతికంటిన పప్పన్నం చూసుకుంది. జేబులోంచి ఎడమ చెయ్యి తీసి, గరిటె పుచ్చుకుని, నానమ్మ కంచంలో చారు పోసింది. ఒక్క చుక్క తొణకలేదు. ఇప్పుడైనా ఒప్పుకుంటారని నేను ఆశగా మా అత్తగారి మొహంలోకి చూశాను. ఆవిడ చారన్నం కలుపుకుని నింపాదిగా రెండు ముద్దలు తిని, "ఎంత బాగా వడ్డించిందో. సరేనమ్మా, భోజనాల దగ్గర మాత్రం ఆ చెయ్యి వాడుకోనీ" అన్నారు. నా ఉద్యమానికి దక్కిన విజయం అంతే.

ఇప్పుడు పాప ఏడో తరగతి. ఎడమ చేత్తోనే రాస్తుంది, గుండ్రంగా, నాకన్నా వేగంగా. స్కూల్లో ఎవరూ ఏమీ అనరు. మా అత్తగారు కూడా ఎప్పుడో అనడం మానేశారు. నిన్న ఆ రోజుల గురించి పాపను అడిగితే తనకేమీ గుర్తులేదంది. అంతలో పక్కింటావిడ ప్రసాదం తెచ్చింది. ఎవరైనా కుడి చేతి కింద ఎడమ చెయ్యి ఆనించి పుచ్చుకుంటారు. పాప కుడి చెయ్యి ఒక్కటే చాపింది. ఎడమ చెయ్యి వీపు వెనక్కి వెళ్లిపోయింది. ఆవిడ వెళ్లాక, చెయ్యెందుకు దాచుకున్నావని అడిగాను.

"ఎప్పుడు దాచానమ్మా?" అంది, నిజంగానే తెలియక.

నేను రెండేళ్లపాటు నేర్పినవన్నీ కాలం పట్టుకుపోయింది. కూరల బండి దగ్గర ఆ ఒక్క పొద్దుట పాప నేర్చుకున్నదాన్ని మాత్రం పాప దగ్గరే వదిలేసింది.